సుగ్గి సీమ

కర్నూలు జిల్లా పడమటి మండలాలలో మాఘ ఫాల్గుణ మాసాలలో ఏ పల్లెకు వెళ్లినా తాళం వేసిన ఇళ్లు కొన్ని కనిపిస్తాయి. ఆ ఇంటివారు ఎక్కడికి వెళ్లారని అడిగితే "సుగ్గికి పోయినారు" అని సమాధానం వస్తుంది. సుగ్గి కన్నడ పదం. పంట కోతకు వచ్చే కాలమని దాని అర్థం. కన్నడ దేశంలో సంక్రాంతిని సుగ్గి హబ్బ అని కూడా పిలుస్తారు. ధాన్యం ఇంటికి చేరే వేళ కలిగే సంతోషం ఆ పదంలో ఇమిడి ఉంది. పడమటి కర్నూలులో ఆ మాటకు అర్థం మారిపోయింది. ఇక్కడ సుగ్గి అంటే ఇతరుల చేలలో పంట కోయడానికి ఊరు విడిచి పోవడం. ఒక ప్రాంతపు నేల, నీరు, చరిత్ర ఒక మాట అర్థాన్ని ఇంతగా మార్చగలవా అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే ఆ ప్రాంతాన్ని కొంత వివరంగా చూడాలి.

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలు ఈ సీమకు రెండు కళ్లు. వాటి చుట్టూ మంత్రాలయం, కోసిగి, కౌతాళం, హొళగుంద, హాలహర్వి, ఆలూరు, ఆస్పరి, దేవనకొండ, పత్తికొండ మొదలైన మండలాలు ఉన్నాయి. ఉత్తరాన తుంగభద్రా నది, పడమట కర్ణాటక రాష్ట్రపు బళ్లారి జిల్లా హద్దులు. ఆస్పరి మండలంలోని కైరుప్పల ఈ సీమలోని ఒక చిన్న గ్రామం. పటంలో వెదికితే గాని కనిపించని ఈ ఊరి పేరు ఉగాది మరునాడు మాత్రం రాష్ట్రమంతటా వినిపిస్తుంది. ఆ రోజున ఊరివారు రెండు వర్గాలుగా చీలి ఒకరిపై ఒకరు పిడకలు విసురుకొంటారు. దానికి పిడకల సమరమని పేరు. వార్తలలో వింతగా చూపే ఈ ఉత్సవానికి వెనుక ఈ సీమ భూగోళమంతా ఉన్నది.

ఇది దక్కను పీఠభూమిలో భాగం. గ్రానైటు రాళ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే గుట్టలు, వాటి మధ్య విశాలమైన మైదానాలు. గుట్టల పాదాల వద్ద ఎర్రనేల, గరుసునేల; పల్లపు భాగాలలో నల్లరేగడి. ఎర్రనేలలో వేరుశనగ, కొర్ర, ఆముదం, కంది. నల్లరేగడిలో పత్తి, జొన్న, శనగ పండుతాయి. పూర్వపు కర్నూలు జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్లు. తూర్పున నల్లమల అడవులు ఉన్న వైపు వానలు మెరుగు. పడమటికి పోయినకొద్దీ తగ్గుతాయి. నైరుతి రుతుపవనం పడమటి కనుమలు దాటి వచ్చేసరికి మేఘంలోని తేమ చాలావరకు కురిసిపోయి ఉంటుంది. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరంలోనే బలం కోల్పోతుంది. రెండు రుతుపవనాలకూ ఈ సీమ చివరి ఊరు. కురిసిన వాన కూడా అదనుకు కురవదు. విత్తనం వేసిన తరువాత నెలరోజులు చుక్క లేకపోవడం, పంట చేతికి వచ్చే వేళ ఒక్క రాత్రిలో కుండపోత పడడం ఇక్కడి రైతులు ఎరిగిన సంగతులే.

నల్లరేగడి మైదానాలలో చెట్లు తక్కువ. ఎండాకాలంలో ఆ నేల జానెడు వెడల్పున బీటలు వారుతుంది. వానాకాలంలో ఉబ్బి బంకగా మారుతుంది. అటువంటి నేలలో వేళ్లు నిలదొక్కుకొని వృక్షాలు పెరగడం కష్టం. అడవి దగ్గర లేదు, వంటకు కట్టెలు లేవు. పత్తికట్టె, కందికట్టె కొన్ని నెలలకే సరిపోతాయి. మిగిలిన కాలమంతా పొయ్యికి ఆధారం పేడ. స్త్రీలు తెల్లవారుజామున కొట్టంలోని పేడ ఎత్తి, పొట్టు కలిపి, పిడకలు తట్టి, గోడలకు కొట్టి ఎండబెట్టి కుప్పలుగా పేర్చేవారు. ఎవరి ఇంటి ముందు ఎంత పెద్ద పిడకల కుప్ప ఉంటే ఆ ఇంట అన్ని పశువులున్నట్లు లెక్క. ఇందులో ఒక నష్టం కూడా ఉన్నది. పొలానికి ఎరువుగా పోవలసిన పేడ పొయ్యిలో బూడిద అయ్యేది. నేల సారం తగ్గడానికి అదొక కారణమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. అయితే అన్నం వండుకోవడమా, పొలానికి ఎరువు వేయడమా అన్న ఎంపిక ఎదురైనప్పుడు ఏ గృహిణి అయినా ముందు పొయ్యినే చూస్తుంది.

నేల ఇటువంటిదైనా రాజులు దీనికోసం శతాబ్దాల తరబడి పోరాడారు. అందుకు కారణం ఇక్కడి సంపద కంటె ఇది ఉన్న స్థానం. తుంగభద్రకు దక్షిణాన, హంపీ విజయనగరానికి తూర్పున ఉన్న ఆదోని కొండలు ఉత్తరాది సేనలకు ద్వారం వంటివి. ఆదవాని, ఆదవేని అన్న పేర్లతో ప్రసిద్ధమైన ఈ దుర్గం విజయనగర రాజ్యానికి కావలిగా నిలిచింది. క్రీస్తుకు పూర్వం పన్నెండు వందల ఏళ్ల నాడే ఈ పట్టణాన్ని ఒక రాజు కట్టించినాడని స్థానిక గాథ ఒకటి ఉన్నది గాని, అది గాథగా వినదగినదే తప్ప చరిత్రగా కాదు. బుక్కరాయల కాలంలో, 1366 ప్రాంతాన, విజయనగర సేనలకు బహమనీ సుల్తాను సేనలకు జరిగిన యుద్ధం కౌతాళం పరిసరాలలోనే జరిగినదని చరిత్రకారులు గుర్తించారు. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడిన తరువాత మూడేళ్లకు, అనగా 1568లో, ఆదోని బిజాపూరు ఆదిల్షాహీల వశమైంది.

బిజాపూరు పక్షాన ఆదోనిని పాలించినవారిలో సిద్ది మసూద్ ఖాన్ ముఖ్యుడు. ఆఫ్రికా ఖండపు అబిసీనియా నుండి వచ్చిన హబ్షీ వంశీయుడు. ఆదోనిలోని జామియా మసీదు ఆయన కట్టించినదే. తుంగభద్ర ఒడ్డున ఉన్న మంచాల గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చినది కూడా ఆయనే అని మంత్రాలయ సంప్రదాయం చెబుతున్నది. 1671లో స్వామి అక్కడ బృందావన ప్రవేశం చేశారు. మంచాలయే నేటి మంత్రాలయం. మసీదు కట్టించిన చేతితోనే మఠానికి భూమి ఇచ్చిన పాలకుని పేరు ఈ సీమ బాలబాలికలు తెలుసుకోవలసిన పేర్లలో ఒకటి.

1688లో ఆదోని ఔరంగజేబు సేనల వశమైంది. తరువాత నిజాము వంశీయుల చేతికి వచ్చి, బసాలత్ జంగ్‌కు జాగీరుగా ఉండినది. హైదరాలీ దీనిని ముట్టడించాడు. 1786లో టిప్పు సుల్తాను పట్టుకొని కోటను పాడుచేశాడు. 1792 సంధి తరువాత మళ్లీ నిజాముకు దక్కింది. ఇంగ్లీషు సైన్యపు ఖర్చుల కింద 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని కడప, బళ్లారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలతో పాటు ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఆ విధంగా దీనికి దత్తమండలం అన్న పేరు వచ్చింది. తమ నేలను ఒకరు మరొకరికి దానం చేసినారన్న ధ్వని ఉన్న ఆ పేరు ఈ ప్రాంతపు విద్యావంతులకు రుచించలేదు. 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభలో చిలుకూరి నారాయణరావు సూచనపై రాయలసీమ అన్న పేరు స్వీకరింపబడింది. పేరు మార్చుకొనడానికి నూట ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

కంపెనీ తరఫున దత్తమండలానికి మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1800 నుండి 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. అప్పటికి ఈ మండలమంతటా సుమారు 80 మంది పాళెగాళ్లు ఉండేవారు. వారిని అణచి, పొలాలను కొలిపించి, మధ్యవర్తి లేకుండా రైతు నుండి నేరుగా శిస్తు వసూలు చేసే పద్ధతిని అమలుపరచాడు. అదే రైత్వారీ. శిస్తు బరువు ఎక్కువగా ఉన్నదని, దానిలో నాలుగో వంతు తగ్గించాలని 1807లో సిఫారసు చేశాడు; పైవారు అప్పుడు అంగీకరించలేదు. 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చిన తరువాతనే ఆయన తన విధానాన్ని స్థిరపరచగలిగాడు. చివరిసారి ఈ సీమను చూడాలని పర్యటనకు వచ్చి, 1827 జూలై 6న కలరా సోకి పత్తికొండలో మరణించాడు. రైత్వారీ వలన రైతుకు పట్టా దక్కింది. వాన రానినాడు కూడా శిస్తు కట్టవలసిన బాధ్యత ఆ రైతు మీదనే ఒంటరిగా పడింది. ఈ రెండింటినీ కలిపి చూడనిదే మన్రోను గురించిన తీర్పు సమగ్రం కాదు.

ఆ బాధ్యత ఎంత బరువైనదో ధాత కరువు చూపింది. ధాత నామ సంవత్సరంలో, 1876లో, రెండు రుతుపవనాలూ విఫలమైనాయి. 1878 వరకు సాగిన ఆ కరువు మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను అందరికంటె ఎక్కువగా దెబ్బతీసింది. అప్పటికే 1871లో మద్రాసు నుండి వచ్చిన రైలుమార్గం ఆదోని మీదుగా రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది. రైలులో ధాన్యం వచ్చింది. ధాన్యం కొనడానికి ప్రజల చేతిలో డబ్బు లేదు. సహాయ పనులు పెట్టిన ప్రభుత్వం పొదుపు పేరిట 1877లో కూలిని రోజుకు ఒక పౌండు ధాన్యమూ, కొద్దిపాటి చిల్లరా కొనడానికి సరిపడే మొత్తానికి కుదించింది. పౌండు అంటే అర కిలోకు కూడా తక్కువ. రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చి చూస్తే బళ్లారి, కర్నూలు జిల్లాలు తమ ప్రజలలో ఐదో వంతు మందిని, ఆపైన కోల్పోయినట్లు తెలుస్తుంది. చనిపోయినవారు కొందరు, ఊరు విడిచిపోయినవారు కొందరు. ఆనాటి ఊరు విడవడానికి, ఈనాటి సుగ్గికి నడుమ తెగని దారం ఒకటి ఉన్నది.

అదే రైలు పత్తికి దారి చూపింది. అమెరికాలో 1861 నుండి 1865 వరకు అంతర్యుద్ధం జరిగినప్పుడు ఇంగ్లండు మరమగ్గాలకు అక్కడి పత్తి అందక ఈ దేశపు పత్తికి గిరాకీ పెరిగింది. బళ్లారి, కర్నూలు రేగళ్లలో పండే పత్తి వాణిజ్య రంగంలో 'వెస్టర్న్స్' అన్న పేరుతో చెలామణి అయింది. ఆదోనిలో పత్తి నుండి గింజ తీసే జిన్నింగు మిల్లులు, నూలు మిల్లులు, వేరుశనగ నూనె మిల్లులు వెలిశాయి. రెండో ముంబాయి అని జనం ముద్దుగా పిలుచుకొనేటంత వ్యాపారం సాగింది. నేటికీ రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఆదోని ఒకటి. పంటకాలంలో మార్కెట్ యార్డు ఆవరణ తెల్లని బస్తాలతో నిండిపోతుంది. అయితే ధర నిర్ణయించేది రైతు కాదు.

ఎమ్మిగనూరు కథ వేరు. అది నేతగాళ్ల ఊరు. మరమగ్గపు బట్టల పోటీకి తట్టుకోలేక చేనేత కుటుంబాలు అప్పుల పాలవుతున్న రోజులలో, 1938లో, మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘాన్ని స్థాపించారు. నూలు సంఘమే ఇస్తుంది. నేసిన బట్ట సంఘమే కొంటుంది. నేతగానికి కూలి చేతికి అందుతుంది. చెప్పడానికి తేలికైన ఈ ఏర్పాటు సావుకారు పట్టు నుండి వందలాది కుటుంబాలను విడిపించింది. ఎమ్మిగనూరు దుప్పట్లు, పరదా బట్టలు దేశమంతటా పేరు పొందాయి. 1954లో పద్మ పురస్కారాలు మొదలైన ఏడాదే సోమప్పకు పద్మశ్రీ లభించింది. తరువాతి దశాబ్దాలలో సంఘం ఆ వైభవాన్ని నిలుపుకోలేకపోయింది. నేత విడిచినవారిలో కొందరు ఇతర పనులకు పోయారు. ఈ ఊరిలో జనవరి నెలలో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతర సందర్భంగా పెద్ద పశువుల సంత జరుగుతుంది. రేగడి దున్నడానికి పనికివచ్చే కోడెలను ఎంచి కొనడంలో ఇక్కడి రైతుల చూపు చాలా పదునైనది.

ఈ ప్రాంతంలో చాలా భాగం 1953 వరకు బళ్లారి జిల్లాలోనిది. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని పది తాలూకాలలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రమే తెలుగువారి రాష్ట్రంలో చేరాయి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో కలిశాయి. మిగిలినవి మైసూరు రాష్ట్రానికి పోయాయి. హద్దు గీయడం కాగితం మీద సులభం. ఆ గీతకు అటూ ఇటూ వియ్యాలందుకొన్న కుటుంబాలున్నాయి, తెలుగులో మాట్లాడి కన్నడంలో పాడుకొనే ఊళ్లున్నాయి. ఆదోనిలో ఉర్దూ కూడా వీధి భాష. మూడు భాషలు తెలియని వ్యాపారి అక్కడ అరుదు. ఇచ్చటి తెలుగులో కన్నడ పదాలు, ఊళ్ల పేర్లలో కన్నడ ధ్వనులు సహజంగా ఒదిగిపోయాయి. సుగ్గి అన్న మాట ఈ దారినే వచ్చింది. శుద్ధమైన తెలుగు కాదని దీనిని చిన్నచూపు చూసేవారు భాష ఎట్లా బ్రతుకుతుందో తెలియనివారు.

2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి కర్నూలు జిల్లా జనాభా సుమారు 40 లక్షల 53 వేలు. చదరపు కిలోమీటరుకు 230 మంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఆ సంఖ్య 308. ఆదోని పట్టణంలో లక్షా అరవై ఆరు వేలు, ఎమ్మిగనూరులో తొంబై అయిదు వేల మంది ఉన్నారు. జిల్లాలో అక్షరాస్యత సుమారు 60 శాతం. ఉమ్మడి రాష్ట్రంలో 67 శాతం. కోసిగి, కౌతాళం, హొళగుంద వంటి పడమటి మండలాలు జిల్లా సగటు కంటె కిందనే ఉన్నాయి. బాలికల విషయంలో వెనుకబాటు మరీ ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా విడిపోయిన తరువాత, నదీ కాలువలు, నల్లమల ఉన్న తూర్పు భాగం అటు పోయి, మెట్ట ప్రాంతం ఎక్కువగా కర్నూలు జిల్లాలో మిగిలింది.

నీరు లేకపోవడమొక్కటే కష్టమైతే అర్థం చేసుకోవచ్చు. ఈ సీమకు నీరు కంటికి కనిపిస్తూ అందదు. తుంగభద్రా జలాశయం 1953లో పూర్తయింది. అక్కడి నుండి బయలుదేరిన దిగువ కాలువ కర్ణాటక భూములను తడిపి, చివరి దశలో ఈ మండలాలకు వస్తుంది. దీని కింద జిల్లాలో సుమారు లక్షన్నర ఎకరాల ఆయకట్టు ఉన్నదని లెక్క. కాలువ చివర ఉన్నవారికి పై భాగంలో వాడగా మిగిలినదే దక్కుతుంది. పైగా జలాశయంలో పూడిక పేరుకొని, మొదట 133 శతకోటి ఘనపుటడుగులుగా ఉన్న నిల్వ సామర్థ్యం సుమారు 105కు తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నిండు జలాశయం నుండి నీరు నదిపాలవుతుంటే, కాలువ చివరి రైతులు రోజులు లెక్కబెట్టుకొన్నారు. వారం రోజులకు తాత్కాలిక పలకలు దించి ప్రవాహాన్ని ఆపగలిగారు. ఆదోని పట్టణానికి తాగునీరు కూడా ఈ కాలువ నుండి బసాపురం చెరువులో నింపుకొన్నదే.

ఆస్పరి, ఆలూరు, పత్తికొండ వైపు భూములు మిట్టమీదివి. శ్రీశైలం జలాశయపు వెనుక నీటిని ఎత్తిపోసే హంద్రీ నీవా కాలువ 2012 నుండి పత్తికొండ, దేవనకొండ ప్రాంతాల గుండా అనంతపురం వైపు పోతున్నది. గట్టు మీద నిలబడి ప్రవహించే నీటిని చూడవచ్చు. పిల్లకాలువలు లేని చోట పొలానికి మాత్రం రాదు. బోరు వేసి టమాట పండించినవారికి మరో చిక్కు. ఒక వారం పెట్టె వందలలో పలికిన ధర మరుసటి వారం కోత కూలికి చాలదు. పత్తికొండ మార్కెట్ వద్ద రైతులు టమాటలను రోడ్డు మీద పారబోసిన దృశ్యాలు పత్రికలలో తరచు కనిపిస్తాయి.

ఇటువంటి నేలలో కైరుప్పల పిడకలు విసురుకొంటుంది. గ్రామంలో వీరభద్రస్వామి, కాళికాదేవి ఆలయాలున్నాయి. స్వామికి, అమ్మవారికి ప్రేమ కలిగిందట. పెళ్లి మాట దగ్గర స్వామి జాప్యం చేయడంతో అమ్మవారి పక్షం వారు అలిగి పిడకలతో కొట్టారట. స్వామి పక్షం వారు తిరిగి కొట్టారట. తరువాత పెద్దలు కూర్చొని పెళ్లి కుదిర్చారని కథ. ఉగాది మరునాటి సాయంత్రం ఊరివారు ఆ రెండు పక్షాలై నిలుస్తారు. కారుమంచి గ్రామం నుండి ఆచారం ప్రకారం ఒక రెడ్డి వంశీయుడు గుర్రం మీద వచ్చి పూజ చేసిన పిదప సమరం మొదలవుతుంది. పిడకల దుమ్ము ఊరిని కమ్ముతుంది. దెబ్బలు తగిలినవారు విభూతి రాసుకొంటారు. మరునాడు స్వామికి, అమ్మవారికి కల్యాణం. పురాణాలలో దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసిన వీరభద్రుడు ఇక్కడ పిడక దెబ్బ తిన్న పెళ్లికొడుకు. దేవుని ఇంతగా ఇంటి మనిషిని చేసుకొన్న కల్పన పండితుల పురాణంలో పుట్టదు, పల్లెలోనే పుడుతుంది.

ఇందులో గమనింపదగిన సంగతి మరొకటి ఉన్నది. కత్తులకు, కర్రలకు బదులు ఈ ఊరు తన రోజువారీ వంటచెరకును ఆయుధంగా ఎంచుకొన్నది. ఇదే సీమలోని దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే బన్ని ఉత్సవంలో కర్రలు తలలు పగలగొడతాయి. పిడక తగిలితే దుమ్ము రాలుతుంది. ఒకే నేల రెండు రకాల ఆచారాలను పెంచింది. వంటగ్యాసు వచ్చి, ట్రాక్టరు ఎద్దుల స్థానాన్ని ఆక్రమించి, కొట్టాలు ఖాళీ అవుతున్న కాలంలో సమరానికి చాలినన్ని పిడకలు సమకూర్చుకోవడం కూడా ముందుగా తలపెట్టవలసిన పని అయింది.

ఉగాదికి సుగ్గి వెళ్లినవారిలో కొందరు ఊరు చేరుతారు. వేరుశనగ, పత్తి పనులు ముగిసిన తరువాత కుటుంబాలు గుంటూరు, పల్నాడు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగళూరు, హైదరాబాదు కట్టడాలకు తరలిపోతాయి. లారీలో బియ్యం మూటలు, వంటపాత్రలు, కోళ్లు, పసిపిల్లలు అన్నీ ఎక్కుతాయి. ముసలివారు ఇంటి కాపలాకు మిగులుతారు. పనికి వెళ్లే దంపతులతో పదేళ్ల పిల్ల కూడా వెళుతుంది, చిన్న తమ్ముణ్ణి ఆడించడానికి. పాఠశాల హాజరు పట్టికలో ఆ పిల్ల పేరుకెదురుగా నాలుగు నెలలు ఖాళీ ఉంటుంది. తిరిగి వచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి. దీనిని నివారించడానికి సర్వశిక్షా అభియాన్ కింద సీజనల్ హాస్టళ్లు తెరిచారు. తల్లిదండ్రులు వలస వెళ్లిన నెలలలో పిల్లలు ఊరిలోనే ఉండి, తిని, చదువుకొనే ఏర్పాటు అది. వసతి సమయానికి తెరుచుకొన్న ఊళ్లలో పిల్లలు నిలిచారు. లారీ కదిలిన తరువాత తెరుచుకొన్న చోట గదులు మాత్రమే నిలిచాయి.

జ్యేష్ఠమాసంలో తొలకరి పడగానే ఈ సీమ మళ్లీ నిండుతుంది. పత్తికొండకు దక్షిణాన తుగ్గలి, జొన్నగిరి పొలాలలో వానకు మట్టి కొట్టుకుపోయి ఎప్పుడైనా ఒక వజ్రం బయటపడుతుంది. అందుకని చుట్టుపక్కల జిల్లాల నుండి కూడా జనం సద్ది కట్టుకొని వచ్చి, తలలు వంచి, రాయీరాయీ తిప్పి చూస్తూ చేలలో తిరుగుతారు. ఆస్పరి, కైరుప్పల వైపు రైతులు తిరిగి వచ్చిన కూలి డబ్బుతో వేరుశనగ విత్తనం కొని, గొర్రు సరిచేసుకొని, మృగశిర కార్తెలో రెండో వాన కోసం పడమటి ఆకాశం వంక చూస్తుంటారు.